రెండు చిట్టీలు, రెండు ధరలు: పేరు పెట్టిన సెల్స్‌తో, మ్యాక్రోలతో నా అనుభవం

మా ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం ప్రతి సీజన్‌లోనూ వడ్ల కొనుగోలు కేంద్రం నడుపుతుంది. కేంద్రం తెరిచిన రోజు మొదలుకొని చివరి లారీ మిల్లుకు వెళ్లే దాకా లెక్కలు చూసే బాధ్యత నాది. రైతు ఖాతాలో డబ్బు జమ చేసే ప్రభుత్వ ఆన్‌లైన్ విధానం వేరు. ట్యాబ్‌లో నమోదైన వివరాలను బట్టి అది తన దారిన నడుస్తుంది. నేను ఎక్సెల్‌లో నడిపేది సంఘం సొంత రిజిస్టరు. ఎవరి వడ్లు ఎన్ని బస్తాలు కాంటా అయ్యాయి, తేమ ఎంత, నికర బరువు ఎంత, ఎంత సొమ్ము రావాలి అన్నది అందులో ఉంటుంది. కాంటా పూర్తయ్యాక రైతు చేతికిచ్చే చిట్టీ కూడా దానిలోంచే అచ్చవుతుంది. డబ్బు జమయ్యే వరకు రైతు దగ్గర ఉండే కాగితం ఆ చిట్టీయే కనుక, అందులో అంకె తప్పితే జవాబు చెప్పాల్సింది నేనే.

2023 వానాకాలంలో ఏ గ్రేడు వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,203 రూపాయలు. నేను ఆ అంకెను ఒక చోట పెట్టుకుని వాడుకోలేదు. ప్రతి వరుసలోని ఫార్ములాలోకి నేరుగా ఎక్కించాను. మరుసటి వానాకాలానికి ధర 2,320 అయింది. పాత ఫైలునే కొత్త సీజన్‌కు సిద్ధం చేస్తూ, ఫైండ్ అండ్ రీప్లేస్ పెట్టె తెరిచి, పైన 2203, కింద 2320 అని కొట్టి, ఒక్క షీట్‌లో కాకుండా మొత్తం వర్క్‌బుక్‌లో మార్చమని చెప్పి, రీప్లేస్ ఆల్ నొక్కాను. ఇన్ని చోట్ల మార్చాను అని ఎక్సెల్ ఒక చిన్న పెట్టెలో చెప్పింది. ఆ సంఖ్య నేను అనుకున్న దానికంటే పెద్దదిగానే ఉన్నా, పని తొందరలో ఓకే నొక్కి సేవ్ చేశాను.

నాలుగు రోజుల తర్వాత ఒక రైతు పాస్‌బుక్ జిరాక్సును రిజిస్టరుతో సరిచూస్తుండగా ఖాతా నంబరు మధ్యలో నాలుగు అంకెలు తేడాగా కనిపించాయి. జిరాక్సులో 2203 ఉన్న చోట నా రిజిస్టరులో 2320 ఉంది. రీప్లేస్ ఖాతా నంబర్ల మధ్యలోకి కూడా దూరి తన పని చేసుకుపోయింది. అలా మూడు ఖాతా నంబర్లు పాడయ్యాయి. అంతకంటే పెద్ద నష్టం, నిరుటి రిజిస్టరులోని ఫార్ములాలన్నీ కొత్త ధరకు మారి, ముగిసిపోయిన సీజన్ మొత్తాలు పెరిగిపోయాయి. సెల్‌లో ఉన్నదంతా సరిపోలితేనే మార్చమని అడిగే గడి ఒకటి ఆ పెట్టెలోనే ఉంటుంది గాని, దానికి టిక్ పెడితే ఫార్ములా మధ్యలో ఉన్న 2203 దొరకదు. కాబట్టి నాకు కావలసిన పనిని ఆ దారిలో క్షేమంగా చేయడం సాధ్యం కాదని తేలింది. అసలు లోపం, ఒకే అంకె వందల చోట్ల ఉండడం.

ధరను ఒక సెల్‌లో పెట్టి, దానికి పేరు పెట్టి, ఫార్ములాలన్నీ ఆ పేరునే అడిగేలా మార్చాలని అప్పుడు నిర్ణయించుకున్నాను. పేరు పెట్టడం సులభం: సెల్‌ను ఎంచుకుని, ఫార్ములా బార్‌కు ఎడమ పక్కన సెల్ చిరునామా కనిపించే నేమ్ బాక్స్‌లో పేరు కొట్టి ఎంటర్ నొక్కితే చాలు. నేను మొదట కొట్టిన పేరు, మద్దతు ధరకు ఇంగ్లీషులో వాడే మూడు పొడి అక్షరాలు, వాటి పక్కన సంవత్సరానికి గుర్తుగా 24. అంటే ఎం, ఎస్, పి, 24. ఎంటర్ నొక్కగానే నా నమోదు షీట్ మాయమై, తెర మొత్తం ఖాళీ గళ్లతో నిండిపోయింది. షీట్ చెరిగిపోయిందేమోనని కంగారు పడ్డాను. జరిగిందేమంటే, ఎక్సెల్‌లో 2007 నుంచి కాలమ్‌ల సంఖ్య 256 నుంచి 16,384కు పెరిగింది. చివరి కాలమ్ పేరు ఎక్స్‌ఎఫ్‌డి. ఆ లెక్కన ఎంఎస్‌పి అన్నది నిజంగానే ఉన్న ఒక కాలమ్, 9,298వది. నేను పేరు పెట్టానని అనుకున్నాను. ఎక్సెల్ మాత్రం నన్ను ఆ కాలమ్‌లోని 24వ వరుసకు తీసుకెళ్లి నిలబెట్టింది. కంట్రోల్, హోమ్ మీటలు కలిపి నొక్కితే గాని ఇల్లు చేరలేదు.

అప్పటి నుంచి పేర్లకు నేనొక పద్ధతి పెట్టుకున్నాను. పొడి అక్షరాలు, వాటి పక్కన అంకెలు వాడను. ఇంగ్లీషు అక్షరాల్లోనే గాని తెలుగు మాటలనే, మధ్యలో అండర్‌స్కోర్ పెట్టి రాస్తాను: మద్దతు_ధర, సంచి_బరువు, బస్తాలు, తేమ. పేర్లలో ఖాళీ ఇవ్వకూడదు, ఆర్ అని గాని సి అని గాని ఒంటి అక్షరం పెట్టకూడదు, పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ తేడా ఉండదు. ఇంకొక మేలు కూడా కనిపించింది. నికర బరువును మద్దతు_ధరతో గుణించి వందతో భాగించమని ఉన్న ఫార్ములా చదివితే, ఎక్సెల్ అంతగా తెలియని మా సెక్రటరీ గారికి కూడా అర్థమైంది. ఉత్త అంకెలు, సెల్ చిరునామాలు ఉన్నప్పుడు ఆయన దాని జోలికే వచ్చేవారు కాదు.

ఇక్కడి వరకు ఫార్ములాల సంగతి. మ్యాక్రోల దగ్గర, అంటే ఎక్సెల్ చేత వరుసగా పనులు చేయించే చిన్న ప్రోగ్రాముల దగ్గర, నా బుద్ధి ఇంకా పాత దారిలోనే ఉంది. నమోదు షీట్‌లో వివరాలు నింపాక వాటిని రిజిస్టరులో కొత్త వరుసగా చేర్చడానికి, చిట్టీ షీట్‌ను నింపి అచ్చు తీయడానికి రెండు మ్యాక్రోలు అప్పటికే ఉన్నాయి. వాటిని నేను రాయలేదు; రికార్డ్ మ్యాక్రో నొక్కి, చేత్తో ఒకసారి పని చేసి చూపించి, ఆపేశాను. అలా రికార్డు చేసిన మ్యాక్రో సెల్స్‌ను చిరునామాలతోనే గుర్తు పెట్టుకుంటుంది. సి4లో ధర, సి5లో సంచి బరువు ఉన్నంత కాలం అది సజావుగా నడిచింది.

అదే వానాకాలంలో తెలంగాణ ప్రభుత్వం సన్న రకం వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించింది. మద్దతు ధర కిందనే బోనస్ ఉంటే చూడటానికి బాగుంటుందని, ఆ రెండు వరుసల మధ్య ఒక వరుస చొప్పించి, 500 రాసి, దానికి బోనస్ అని పేరు పెట్టాను. షీట్‌లోని ఫార్ములాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎనభై బస్తాల సన్నాలు కాంటా అయిన ఒక రైతు వివరాలు నింపి బటన్ నొక్కితే, చిట్టీ మీద నికర బరువు మైనస్ 36,752 కిలోలు అని వచ్చింది.

ఆ అంకె ఎలా వచ్చిందో కాగితం మీద వేసి చూశాను. మా కేంద్రంలో బస్తాకు నలభై కిలోల వడ్లు, సంచి బరువు కింద ఆరు వందల గ్రాములు కలిపి తూస్తారు. ఎనభై బస్తాలకు మొత్తం 3,248 కిలోలు. దానిలోంచి బస్తాకు 0.6 చొప్పున 48 తీసేస్తే 3,200 రావాలి. వరుస చొప్పించడంతో సంచి బరువు సి6లోకి జరిగి, సి5లో బోనస్ కూర్చుంది. మ్యాక్రో మాత్రం సి5నే చదివి, ఒక్కొక్క సంచి అయిదు వందల కిలోలు తూగుతుందని నమ్మి, 40,000 తీసివేసింది. తప్పు ఇంత కొట్టొచ్చినట్టు ఉండడం నా అదృష్టం. బోనస్ యాభై పైసలై ఉంటే, సంచికి వంద గ్రాముల తేడాతో సీజన్ మొత్తం గడిచిపోయేది.

ఫార్ములా సర్దుకుని, మ్యాక్రో ఎందుకు సర్దుకోలేదన్నది నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ముఖ్యమైన పాఠం. ఫార్ములాలోని సెల్ చిరునామా ఎక్సెల్ కాపలాలో ఉంటుంది. వరుసలు జరిగితే దాన్నీ జరుపుతుంది. మ్యాక్రోలో కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న సి5 ఎక్సెల్ దృష్టిలో చిరునామా కాదు, ఉత్త అక్షరాలు. షీట్‌లో ఏం జరిగినా వాటిని ఎవరూ ముట్టుకోరు. పేరు ఈ రెంటి మధ్య వారధి లాంటిది. ఏ పేరు ఏ సెల్‌ను చూపిస్తుందన్న సంగతి ఎక్సెల్ అధీనంలో ఉంటుంది కాబట్టి సెల్‌తో పాటు అదీ జరుగుతుంది. మ్యాక్రో పేరు చెప్పి అడిగితే సెల్ ఎక్కడ ఉన్నా దొరుకుతుంది. రేంజ్("సి5").వాల్యూ అని ఉన్న చోట రేంజ్("సంచి_బరువు").వాల్యూ అని రాయడమే నేను చేయాల్సిన మార్పు. కోడ్‌లో ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి. చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

రికార్డు చేసే అలవాటు ఉన్నవారికి ఒక చిన్న ఉపాయం. రికార్డింగ్ నడుస్తున్నప్పుడు సెల్ మీద మౌస్‌తో నొక్కకుండా, నేమ్ బాక్స్ పక్కనున్న బాణం నొక్కి జాబితాలోంచి పేరు ఎంచుకుంటే, మ్యాక్రోలో చిరునామాకు బదులు అప్లికేషన్ డాట్ గోటూ అని, దాని పక్కన ఆ పేరు నమోదవుతుంది. నేను మొదటి రెండు రోజులు అలాగే లాక్కొచ్చాను. ఆ తర్వాత రికార్డింగ్ వదిలేసి చేత్తో రాయడం మొదలుపెట్టాను.

నమోదు షీట్‌లో నింపాల్సిన సెల్స్ తొమ్మిది: రైతు పేరు, ఊరు, ఖాతా నంబరు, రకం, బస్తాలు, మొత్తం బరువు, తేమ, కాంటా తేదీ, లారీ నంబరు. తొమ్మిదింటికీ పేర్లు పెట్టి, రిజిస్టరు కాలమ్‌ల పైన అవే పేర్లను శీర్షికలుగా రాశాను. మ్యాక్రో ఇప్పుడు రిజిస్టరు శీర్షికల వెంట ఎడమ నుంచి కుడికి నడుస్తూ, ఒక్కొక్క శీర్షిక చదివి, ఆ పేరున్న సెల్‌లోని విలువను తెచ్చి కొత్త వరుసలో రాస్తుంది. కోడ్‌లో తొమ్మిది వాక్యాలుండాల్సిన చోట, ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఒక్క లూప్ సరిపోయింది. తర్వాత మిల్లు పేరు కూడా కావాలన్నప్పుడు, నమోదు షీట్‌లో ఒక సెల్‌కు పేరు పెట్టి, రిజిస్టరు శీర్షికల చివర అదే పేరు రాశాను. కోడ్ తెరవాల్సిన అవసరమే రాలేదు. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా నేను పేర్ల పద్ధతినే ఎంచుకుంటాను.

ధర విషయంలో మాత్రం ఒక జాగ్రత్త తీసుకున్నాను. రిజిస్టరులోని ప్రతి వరుసా మద్దతు_ధర అనే పేరును అడుగుతూ ఉంటే, వచ్చే ఏడు ఆ ఒక్క సెల్‌లో ధర మార్చగానే పాత సీజన్ లెక్కలన్నీ మళ్లీ మారిపోతాయి. రీప్లేస్‌తో చేసిన తప్పే మర్యాదగా జరుగుతుంది. అందుకే మ్యాక్రో వరుస చేర్చేటప్పుడు ఆ రోజు ధరను, బోనస్‌ను, వచ్చిన మొత్తాన్ని ఫార్ములాలుగా కాకుండా విలువలుగా రాస్తుంది. ఫార్ములాలు నమోదు షీట్‌లో మాత్రమే బతుకుతాయి.

తొమ్మిది సెల్స్‌ను ఖాళీ చేసే బటన్ దగ్గర ఇంకొక చిక్కు వచ్చింది. రైతు పేరు పెద్దగా కనిపించాలని మూడు సెల్స్‌ను కలిపి ఒకటి చేశాను. నేను పెట్టిన పేరు వాటిలో మొదటి సెల్‌కే చెందింది. క్లియర్ కంటెంట్స్ అనగానే, కలిపిన సెల్‌లో కొంత భాగాన్ని మార్చడం కుదరదని ఎక్సెల్ మొండికేసింది. మెర్జ్ ఏరియా అనే మాట మధ్యలో చేర్చితే, కలిసిన సెల్స్ మొత్తం లెక్కలోకి వచ్చి పని జరిగింది. ఖాళీ చేసే మ్యాక్రో నడిచాక కంట్రోల్, జెడ్ నొక్కినా పోయినవి తిరిగి రావని కూడా ఆ బటన్ దగ్గరే తెలుసుకున్నాను. మ్యాక్రో షీట్‌ను మార్చిందంటే వెనక్కి తీసుకునే జాబితా తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే రిజిస్టరులోకి వరుస చేరిందని సరిచూశాకే ఖాళీ చేసేలా క్రమం మార్చాను.

పేర్లను చేత్తో కాకుండా మ్యాక్రోతోనే సృష్టించడానికి ప్రయత్నించి ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. నేమ్స్ డాట్ యాడ్ అనే ఆజ్ఞకు పేరు, అది చూపించాల్సిన చోటు చెప్పాలి. చోటును "సి సిక్స్" అన్న అర్థంలో డాలర్ గుర్తులతో సహా రాశాను గాని, ముందు సమానం గుర్తు పెట్టలేదు. ఆజ్ఞ ఏ గొడవా లేకుండా నడిచింది, ఫైలులోని పేర్లను జాబితాగా చూపించే నేమ్ మేనేజర్‌లో పేరు కూడా కనిపించింది. తీరా ఆ పేరుతో సెల్‌ను అడిగితే 1004 నంబరు తప్పు. సమానం గుర్తు లేకపోవడంతో ఎక్సెల్ దాన్ని చోటుగా కాక ఒక వాక్యంగా తీసుకుని, ఆ అక్షరాలనే పేరుకు విలువగా కట్టిందని, నేమ్ మేనేజర్‌లో ఆ చిరునామా చుట్టూ ఉన్న కొటేషన్ గుర్తులు చూశాక గాని అర్థం కాలేదు. సమానం గుర్తు పెట్టి డాలర్ గుర్తులు మరచిపోతే ఇంకొక రకం తిప్పలు: ఆ పేరు ఒక చోట నిలవక, మన కర్సర్ ఎక్కడ ఉంటే దానికి తగ్గట్టు జరుగుతూ ఉంటుంది.

తెలుగు అక్షరాల గురించి కూడా చెప్పాలి. సెల్‌లో తెలుగు చక్కగా కనిపిస్తుంది. మ్యాక్రో రాసే విండోలో మాత్రం తెలుగు వాక్యం అతికిస్తే వరుసగా ప్రశ్నార్థకాలు వస్తాయి. మెసేజ్ బాక్స్‌లోనూ అంతే. "తేమ 17 శాతం మించింది, వడ్లు ఇంకా ఆరబెట్టాలి" అన్న మాట తెలుగులోనే రావాలని నా పట్టుదల. తెర చూసేది హమాలీలు, రైతులు కూడా. చివరికి పేర్లే ఆదుకున్నాయి. తెలుగు వాక్యాలన్నీ ఒక వేరే షీట్‌లో రాసి, ఒక్కొక్క సెల్‌కు ఇంగ్లీషు అక్షరాల్లో పేరు పెట్టాను. మ్యాక్రో తేమ చూసి, ఏ వాక్యం కావాలో ఆ పేరున్న సెల్‌లోంచి తెచ్చి, నమోదు షీట్ పైన సూచన అనే పేరున్న ఎర్ర సెల్‌లో పెడుతుంది. కోడ్‌లో ఒక్క తెలుగు అక్షరం లేకుండా తెర మీద మొత్తం తెలుగే కనిపిస్తుంది. వాక్యం మార్చాలన్నా కోడ్ ముట్టుకోనక్కరలేదు.

2025 వానాకాలానికి ధర 2,389 అయింది. ఈసారి రీప్లేస్ జోలికి పోలేదు. కొత్త సీజన్‌ది వేరుగా ఉంటే బాగుంటుందని, నమోదు షీట్ ట్యాబ్ మీద కుడి మీట నొక్కి, మూవ్ ఆర్ కాపీలో క్రియేట్ ఎ కాపీకి టిక్ పెట్టి నకలు తీశాను. నకలులో ధర మార్చి, మూడు చిట్టీలు తీసి చూసుకుంటే అన్నీ 2,389 తోనే వచ్చాయి. కేంద్రం మొదలైంది.

మూడో రోజో నాలుగో రోజో ఒక పెద్దమనిషి రెండు చిట్టీలు పట్టుకుని వచ్చారు.

"బిడ్డా, ఇది నా చిట్టీ, ఇది మా తమ్మునిది. ఇద్దరియి ఒక్కతీరు వడ్లే ఆయె, ఒక్కటే దినం కాంటా ఆయె. మరి నాకు ధర తక్కువెందుకు పడ్డది?"

"ఏదీ, ఇటియ్యి కాకా, చూస్త."

ఆయన చిట్టీలో 2,320, తమ్ముడి చిట్టీలో 2,389. ఆయనవి ముప్పై రెండు క్వింటాళ్లు. క్వింటాలుకు 69 రూపాయల తేడాతో 2,208 రూపాయలు తగ్గాయి. ఖాతాలో పడే సొమ్ము ఆన్‌లైన్ నమోదు ప్రకారమే సరిగ్గా పడుతుందని చెప్పి, కొత్త చిట్టీ చేతిరాతతో ఇచ్చి, సంతకం పెట్టి పంపించాను. ఆయన నమ్మారు. వెనకాల నిలబడ్డ ఇద్దరు మాత్రం తమ చిట్టీలు తీసి చూసుకోవడం నాకు కనిపించింది.

రెండు చిట్టీలూ ఒకే ఫైలులోంచి, ఒకే మ్యాక్రో నుంచి వచ్చాయి. తేడా ఎక్కడుందని ఆలోచిస్తే ఒకటే తట్టింది. ఆ రోజు మధ్యాహ్నం ప్రింటర్ మొరాయించడంతో, కొందరి చిట్టీలు సాయంత్రం రిజిస్టరు షీట్‌లో ఉన్న రీప్రింట్ బటన్ నుంచి తీశాను. నమోదు షీట్ నుంచి తీసినవాటిలో కొత్త ధర, రిజిస్టరు నుంచి తీసినవాటిలో పాత ధర ఉన్నాయి. రీప్రింట్ మ్యాక్రో బరువును వరుసలోంచి తీసుకుని, ధరను మాత్రం పేరు నుంచి తీసుకుంటోంది. ధర వరుసలోనే విలువగా ఉండగా మళ్లీ పేరును అడగడం నా బద్ధకం. చిట్టీ నింపే భాగాన్ని రెండు మ్యాక్రోలకూ ఉమ్మడిగా వాడుకున్నాను.

కంట్రోల్, ఎఫ్3 నొక్కి నేమ్ మేనేజర్ తెరిస్తే సంగతి బయటపడింది. మద్దతు_ధర రెండు చోట్ల ఉంది. పేరు ఎంతవరకు చెల్లుతుందో చెప్పే స్కోప్ అనే కాలమ్‌లో ఒకదాని ఎదుట వర్క్‌బుక్ అని, రెండోదాని ఎదుట కొత్త షీట్ పేరు ఉన్నాయి. షీట్‌కు నకలు తీసినప్పుడు దానిలోని సెల్స్‌కు ఉన్న పేర్లకు కూడా ఎక్సెల్ నకళ్లు తీస్తుంది. ఒకే వర్క్‌బుక్‌లో ఒకే పేరు రెండుసార్లు ఉండకూడదు కాబట్టి, నకళ్లను ఆ షీట్‌కు మాత్రమే పరిమితం చేస్తుంది. మ్యాక్రోల కోడ్ రాసుకునే మామూలు మాడ్యూల్‌లో రేంజ్ అని ఉత్తగా రాసి పేరు అడిగితే, ఆ క్షణంలో తెర మీద ఏ షీట్ ఉందో దాని సొంత పేర్లలో ముందు వెతుకుతుంది, లేకపోతే వర్క్‌బుక్ పేరు తీసుకుంటుంది. కొత్త నమోదు షీట్ మీద ఉంటే 2,389, రిజిస్టరు మీద ఉంటే 2,320. పోయినసారి మైనస్ బరువు వచ్చినట్టు ఇది అరిచి చెప్పలేదు. రెండూ నిజమైన ధరలే, రెండూ చూడటానికి సబబుగానే ఉన్నాయి. ఇటువంటి తప్పే నాకు ఎక్కువ భయం.

మరమ్మతు రెండు రాత్రులు పట్టింది. ధరలు, బోనస్, సంచి బరువు మూడింటినీ నమోదు షీట్ నుంచి తీసి, ధరలు అనే విడి షీట్‌లోకి మార్చాను. సెల్‌ను కట్ చేసి అతికిస్తే పేరు దానితో పాటే వెళ్తుంది, కాపీ చేస్తే వెళ్లదు; ఈ తేడా ముందే తెలియడం మేలైంది. నకలు షీట్‌ను తీసేయగానే దాని సొంత పేర్లూ పోయాయి. తర్వాత మ్యాక్రోలో ధర అడిగే ప్రతి చోట, ఉత్త రేంజ్ కాకుండా ఏ షీట్‌లోని రేంజ్ అన్నది ముందు చేర్చాను. షీట్ పేరు తెలుగులో ఉంది, కోడ్‌లో తెలుగు రాయలేను. అందుకు ఆ షీట్‌కు ప్రాపర్టీస్ విండోలో ఉండే కోడ్ నేమ్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో మార్చి, దాన్ని వాడాను. ఎవరైనా కింద ట్యాబ్ పేరు మార్చినా కోడ్ నేమ్ మారదు. ఇప్పుడు ఆ పేరు పొరపాటున వేరే షీట్‌లోకి పోతే, మ్యాక్రో పాత ధర ఇవ్వకుండా తప్పు చూపించి ఆగిపోతుంది. ఆగిపోవడమే నాకు కావలసింది.

ఇంకా పాత పేర్లు ఎన్ని ఉన్నాయో చూద్దామని, ఫైలులోని నేమ్స్ అన్నిటినీ ఒక్కొక్కటిగా చదివి ఖాళీ షీట్‌లో రాసే చిన్న లూప్ రాశాను. అవి చూపించే చోటు సమానం గుర్తుతో మొదలవుతుంది గనుక, ముందు అపాస్ట్రఫీ పెట్టకపోతే ఆ సెల్ ఫార్ములాగా మారి కూర్చుంటుంది. జాబితాలో నేను ఎన్నడూ పెట్టని పేర్లు కూడా కనిపించాయి. కొన్ని ఎప్పుడో తీసేసిన వరుసలవి, వాటి చోట రెఫ్ అనే తప్పు గుర్తు మాత్రమే మిగిలింది. కొన్ని వేరే ఫైలు నుంచి తెచ్చిన షీట్‌తో వచ్చినవి. ఫిల్టర్ కోసం ఎక్సెల్ దాచి ఉంచుకున్నవి కొన్ని, నేమ్ మేనేజర్‌లో కూడా కనిపించవు. నాకు ఉత్సాహం ఎక్కువై, ఒక షీట్‌కు మాత్రమే పరిమితమైన పేర్లన్నిటినీ తీసేయమని ఇంకొక లూప్ నడిపాను. మరుసటి ఉదయం మొదటి చిట్టీ మూడు కాగితాలుగా వచ్చింది. అచ్చు వేయాల్సిన భాగాన్ని ఎక్సెల్ ప్రింట్ ఏరియా అనే పేరుగానే దాచుకుంటుందని, అది ప్రతి షీట్‌కూ సొంత పేరని అప్పుడు తెలిసింది. "ఇంతకు ముందే బాగుండె గదనయ్యా" అన్నారు సెక్రటరీ గారు, ఆ మూడు కాగితాలూ చేతిలో పట్టుకుని. వారు అన్నదాంట్లో తప్పేమీ లేదు.

ఇప్పుడు ఫైలు తెరవగానే ఒక మ్యాక్రో తనంత తానే నడుస్తుంది. నాకు కావలసిన పేర్ల జాబితా ఒక షీట్‌లో ఉంది. ఒక్కొక్క పేరు ఫైలులో ఉందా, ఒక్కసారే ఉందా, రెఫ్ తప్పు చూపిస్తోందా అని లెక్కపెడుతుంది. షీట్‌కు పరిమితమైన పేరు ముందు షీట్ పేరు, ఆశ్చర్యార్థకం ఉంటాయి కనుక, ఆ గుర్తు తర్వాతి భాగాన్ని మాత్రమే పోల్చుతుంది. ఎక్కడ తేడా ఉన్నా బటన్‌లు పనిచేయవు, సూచన సెల్‌లో తెలుగులో కారణం కనిపిస్తుంది. గత యాసంగిలో ఈ కాపలా ఒకసారి పనికొచ్చింది. నేను లేని రోజు ఎవరో నమోదు షీట్‌కు మళ్లీ నకలు తీశారు.

మాడ్యూల్‌లో ఇంకా ఒక్క చోట కొటేషన్ గుర్తుల మధ్య ఏ5 మిగిలి ఉంది. రిజిస్టరులో శీర్షికల కింద మొదటి వరుస అదే. చివరి వరుసను వెతకడం అక్కడి నుంచే మొదలవుతుంది. రిజిస్టరును టేబుల్‌గా మార్చితే ఆ చిరునామా అవసరం కూడా తీరిపోతుందని తెలుసు గాని, సీజన్ నడుస్తుండగా రిజిస్టరును ముట్టుకోవడం నాకు ఇష్టం లేదు. చివరి లారీ వెళ్లాక ఆ పని చేయాలి. అప్పటి వరకు రిజిస్టరు పైన ఎవరూ వరుస చొప్పించకుండా మొదటి అయిదు వరుసలకు తాళం వేసి ఉంచాను.